దుర్గప్ప రెండో పిలుపు

“నాకు తెలియదు” అని చెప్పి ఎదుటి మనిషి మనసు చిన్నబుచ్చడం శ్రీపాదరావు స్వభావంలో లేదు. దారి అడిగినవాళ్లకు తాను ఎన్నడూ చూడని ఊరికి కూడా దారి చెప్పి పంపుతాడు. వట్టి చేతులతో పంపడం వాళ్ల ఇంటావంటా లేదు. ఒకసారి తుగ్గలికి పోవాల్సిన పెండ్లివాళ్లను కోడుమూరు బస్సు ఎక్కించినాడంటే, అది ఉపకారం చేయబోయి జరిగిన సంగతే గానీ తెలియక కాదు... అని ఆయనే చెప్తాడు.

ఈ సుగుణమే ఆయన్ను దెయ్యం వాకిటికి తీసుకుపోయింది.

ఎమ్మిగనూరు దాటి ఆదోని పోయే రోడ్డులో ఒక నూలు మిల్లు ఉంది. దాని వెనక, దూది బేళ్ల గోడౌనుకు ఆనుకుని ఒక గది. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల ఏసీ పెట్టిన గది అదొక్కటే. బయట తారు కరిగి చెప్పులకు అంటుకుంటాంటే, లోపల దుప్పటి కప్పుకోవాలనిపించేది. అట్లాంటి గదిలోకి, పొద్దు మునిగినాక పరుపేసి పిలిచినా ఎవరూ పోయేవాళ్లు కారు. ఆ చోటికి ఎంత చెడ్డపేరో దీన్ని బట్టి మీరే లెక్కేసుకోండి.

ఆ పేరు రావడానికి కారణం దుర్గప్ప.

దుర్గప్ప మిల్లులో హాజరు గుమాస్తా. ఇరవై ఏండ్లకు పైగా ఆ గదిలోనే కూర్చుని హాజరు పిలిచినాడు. ఆయన పద్ధతి ఒకటే — ఏ పేరైనా రెండుసార్లు పిలుస్తాడు. రెండో పిలుపుకు పలికితే హాజరు. లేదంటే గైరుహాజరు. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, నోట్లో తమలపాకు ఉండి పలకలేకపోతే గైరుహాజరే! మూడో పిలుపు ఆయన ఎరగడు. ఒకరోజు తెల్లవారుజామున ఎవరి పేరో రెండోసారి పిలిచి, జవాబు వినకుండానే, రిజిస్టరు మీద తల పెట్టి పోయినాడు.

ఆ పేరు ఎవరిదో ఎవరికీ తెలియదు. ఆ రోజు గైరుహాజరైన పదకొండు మందీ నాది కాదంటే నాది కాదన్నారు.

ఆ తర్వాత ఆ గదిలో యజమాని కంప్యూటర్లు పెట్టించినాడు. బొంబాయిలో వాడి వాడి వదిలేసిన జత యంత్రాలు, బీరువాలంత ఎత్తు, ఒకటి కాస్త పెద్దది, రెండోది కాస్త చిన్నది. రెండింటికీ నడుమ ఒకటే డిస్కుపెట్టె. రెండూ అరనిమిషానికోసారి ఒకదాన్నొకటి “ఉండావా?” అని అడుగుతాయి. పది నిమిషాల దాకా ఒకటి “ఉండా” అనకపోతే, అది పోయిందనుకుని దాని పని రెండోది నెత్తికెత్తుకుంటుంది. ఒకటి పడినా మిల్లు పని ఆగకూడదని ఈ ఏర్పాటు.

“కంప్యూటరు ఎవరికన్నా తెలుసా?” అని మేనేజరు అడిగిన రోజు టైపిస్టు శ్రీపాదరావు లేచి నిలబడినాడు. వారపత్రికలో దాని బొమ్మ చూసి ఉన్నాడు. హైదరాబాదులో ఆరు రోజుల శిక్షణకు పంపితే, రెండు రోజులు జ్వరం, ఒకరోజు ఆదివారం. మిగిలిన మూడు రోజుల విద్యకు ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు జోడించి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

రెండేండ్లు కష్టపడి దుర్గప్ప రిజిస్టర్లన్నీ — ఆరువందల నలభై మంది హాజరు, చేరిన తేదీతో సహా — యంత్రంలోకి ఎక్కించినాడు. అది నిజంగానే గొప్ప పని. ఆ తర్వాత చేసింది ఇంకా గొప్ప పని. “ఇంక ఈ చెత్త ఎందుకు సార్? అంతా యంత్రంలో ఉండాది” అని మేనేజరుకు చెప్పి, ఆ రిజిస్టర్లను బండికెత్తించి పొట్లాలు కట్టుకునే ఉగ్గాని, బజ్జీల అంగళ్లకు అమ్మించినాడు.

సరిగ్గా ఆ మరుసటి రాత్రి నుంచే మొదలైంది.

డిస్కులో ఉన్నదంతా ప్రతి రాత్రీ ఒంటిగంటకు టేపు చుట్ట మీదికి కాపీ కావాలి. యంత్రమే దానంతట అది చేసుకుంటుంది, మనిషి అక్కర్లేదు. ఏడాదిగా చక్కగా జరుగుతా వచ్చిన ఆ కాపీ, రిజిస్టర్లు అమ్మిన మరునాడు సగంలో ఆగింది. ఆ మరునాడూ ఆగింది. పొద్దున పోయి చూస్తే యంత్రం ముందరి కాగితం మీద ఒక ముక్క అచ్చుపడి ఉంటుంది — ప్రతిరోజూ అదే ముక్క. శ్రీపాదరావు నిఘంటువు తీసి, రెండు మాటలకూ అర్థాలు చూసి, తల పంకించి, యంత్రం వెనక ఉన్న చిన్న నాబు ఒకటి తిప్పి, “సరిచేసినాను” అన్నాడు.

ఆ రాత్రే కావలి గఫూర్ సాబ్ పరుగెత్తుకుంటా వచ్చి గేటు దగ్గర పడినాడు.

“పిలిచింది, రావ్ సాబ్... గదిలోనుంచి పిలిచింది!”

“ఎవర్ని?”

“మిమ్మల్నే. ‘రావ్...’ అన్నది. కొంచెం ఆగి మళ్లీ ‘రావ్...’ అన్నది. అంతే.”

“రెండుసార్లేనా?”

“రెండే.”

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. రెండు పిలుపులు ఎవరివో ఎమ్మిగనూరులో పుట్టిన పిల్లిని అడిగినా చెప్తుంది.

శ్రీపాదరావు చేతనైనదంతా చేసినాడు. టేపు రాసే మొన స్పిరిటుతో తుడిచినాడు. తీగలన్నీ ఊడబీకి మళ్లీ పెట్టినాడు. పెద్ద యంత్రాన్ని ఆపి, చిన్నదానితో కాపీ తీయించి చూసినాడు — అదీ సరిగ్గా నలభై నిమిషాలకే ఆగింది. అంటే దెయ్యానికి పక్షపాతం లేదు. రోజూ పొద్దున కాగితం మీద అదే ముక్క. ఈయన రోజూ ఆ నాబును ఇంకో గీత ముందుకు తిప్పుతాడు. వింత ఏమంటే — రోజురోజుకూ దెయ్యం గొంతు పెరుగుతాంది. మొదట గోడౌను దాకా వినపడిన పిలుపు, నాలుగో రాత్రికి గేటు దాకా వినపడింది. ఆరో రాత్రి రోడ్డు మీద పోయే బండివాడు ఎద్దుల్ని అదిలించుకుని పారిపోయినాడు.

“కోపం ముదురుతాంది, రావ్ సాబ్” అన్నాడు గఫూర్ సాబ్. “ఆయన రిజిస్టర్లు మీరు బజ్జీల అంగడికి వేస్తిరి. ఊరికే ఉంటాడా?”

“మరి ఏం చేయాలన్నా?”

“రాత్రిపూట పేరుపెట్టి పిలిస్తే పలకొద్దు. మూడోసారి పిలిస్తేనే పలకాల. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. వాటికి మూడో పిలుపు రాదు.”

చిన్నప్పుడు శ్రీపాదరావు అవ్వ కూడా ఇదే చెప్పింది. మఠం వీధి అవ్వా, గఫూర్ సాబూ ఒకటే మాట చెప్పినాక ఇంక సందేహమేముంది?

ఈలోపల డిస్కుపెట్టె మూలగడం మొదలుపెట్టింది. ఇసుక నూరినట్టు గరగరమంటాంది. హైదరాబాదులో ఇంజనీరుకు ట్రంకాల్ పెడితే, ఆయన అడిగిందొక్కటే — “కాపీ ఆగినప్పుడు కాగితం మీద ఏమొస్తోంది?”

“అదంతా నేను చూసుకున్నాలెండి సార్” అన్నాడు శ్రీపాదరావు.

“సరే. ఆదివారం పొద్దున కొత్త డిస్కు తెస్తాను. అప్పటికి మంచి కాపీ ఒకటి ఉండాలి. కాపీ లేకుండా పాతది విప్పితే అందులోది తిరిగిరాదు. విప్పకపోయినా ఎక్కువరోజులు బతకదు.”

మేనేజరు మొగం నల్లబడింది. సోమవారం జాబితా గోడకు అంటించాలి — పదిహేనేండ్లు సర్వీసు నిండినవాళ్లందర్నీ పర్మినెంటు చేస్తామని యజమాని ఒప్పుకున్నాడు. సర్వీసుకు సాక్ష్యం దుర్గప్ప రాతలు. ఆ రాతలు ఇప్పుడు మూలుగుతున్న పెట్టెలో ఉన్నాయి.

“కాపీ లేకపోతే ఆరువందల నలభై మందికీ నువ్వే చెప్పుకో శ్రీపాదరావూ” అన్నాడు మేనేజరు. “నేను మంత్రాలయం పోయి గుండు చేయించుకుని ఆడనే ఉంటాను.”

శనివారం మధ్యాన్నం దేవక్క వచ్చింది. దూది ఏరే పనిలో పాతమనిషి, యాభై దాటింది. చేతిలో నూనె ఓడుతున్న కాగితం ఒకటి. తెచ్చి శ్రీపాదరావు టేబులు మీద పరిచింది.

“ఇది దుర్గప్ప కాగితమే కదా సామీ? ఉగ్గాని కట్టించినాడు అంగడాయన.”

శ్రీపాదరావు చూసినాడు. వెయ్యిన్ని తొమ్మిదివందల అరవైతొమ్మిది, మార్చి. దేవక్క, అని పేరు. ఎదురుగా ముప్పై ఒక్క గళ్లు. వాటిలో పద్నాలుగు గళ్లు మిరపకాయ బజ్జీ తాగేసింది.

“మా ఇరవై రెండేండ్లూ ఇట్లే తిన్యారా జనం?”

“అన్నీ యంత్రంలో ఉండాయి దేవక్కా.”

“యంత్రం చావుబతుకుల్లో ఉండాదంట గదా. కాపీ తీయనీకుండా దుర్గప్ప అడ్డం పడతాండాడంట గదా.”

శ్రీపాదరావు నిఘంటువు తెరిచి, నాలుగు పుటలు తిప్పి, మూసినాడు.

“ఈ రాత్రికి నేనూ వచ్చి కూర్చుంటా” అన్నది దేవక్క. “నా మొగుడు తాగి పోయె. కొడుకు కర్నూలు పోయి మళ్లీ మొగం చూపకపాయె. నాకుండేది ఆ ఇరవై రెండేండ్లే. అవీ పోతే యాడికి పోవాల సామీ నేను?”

ఆ రాత్రి గది బయట వరండాలో ముగ్గురు కూర్చున్నారు. గఫూర్ సాబ్ చేతిలో లాంతరు, పెదాల మీద దువా. శ్రీపాదరావు మెడలో ఆయన భార్య కృష్ణాబాయి కట్టిన తాయెత్తు, జేబులో మంత్రాక్షతలు. దేవక్క దగ్గర వక్కాకు సంచి.

ఒంటిగంటకు లోపల టేపు తిరగడం మొదలైంది... సర్ర్... సర్ర్... అని.

గాలి లేదు. గోడౌనులో దూది వాసన. ఎక్కడో ఒక కుక్క మొరిగి, మొరిగింది తప్పేమో అన్నట్టు ఆపేసింది.

ఒకటింపావు... ఒకటిన్నర...

“ఇంకెంతసేపు?” గుసగుసగా అడిగింది దేవక్క.

“పది నిమిషాలు. సరిగ్గా నలభై నిమిషాలకు పిలుస్తాడు.”

“బతికినప్పుడూ అంతే. గడియారం తప్పినా ఆయన తప్పడు.”

లోపల టేపు చప్పుడు నెమ్మదించింది... ఇంకా నెమ్మదించింది... ఆగిపోయింది.

ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. లాంతరు వత్తి ఒకసారి ఎగిరింది.

“ర్రా—వ్...!”

గోడలు అదిరినాయి. గఫూర్ సాబ్ దువాలో మాటలు ఒకదాని మీదొకటి పడినాయి. శ్రీపాదరావు మంత్రాక్షతలు తన నెత్తి మీదే చల్లుకున్నాడు.

“ఎవర్ని పిలుస్తాండాడు?”

“న... నన్నే.”

“మరి పలకవేంది?”

“మూడోసారికి గానీ పలకకూడదు దేవక్కా... ఉష్...”

దేవక్క నోట్లోని వక్కాకు ఊసేసింది. “దుర్గప్ప మూడోసారి పిలిచింది నీకెరుకనా? నాకెరుక లేదు సామీ! రెండోదానికి పలకలేకనే నా కాలమంతా గైరుహాజరైపాయె. ఈ ఒక్క రాత్రి—”

“ర్రా—వ్...!”

“ఉండాం!” దేవక్క లేచి అరిచింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంది. “ఉండాం సామీ! రావు సామి ఉండాడు! దేవక్క ఉండాది! గైరుహాజరు వేసేవు... వచ్చినాం!”

అంటూ తలుపు తోసుకుని లోపలికి దూకింది.

శ్రీపాదరావు ఆమె వెంట పోయినాడు. దాన్ని ధైర్యం అనేవాళ్లున్నారు గానీ, ఆయన మాత్రం అనడు. లోపల దెయ్యం ఒక్కటే ఉంది, దాని ముందర దేవక్క ఉంది. బయట చీకటి ఉంది, గఫూర్ సాబ్ అప్పటికే గేటు దారిన ఉన్నాడు. ఎటు పోవాలో ఎవరికైనా తోస్తుంది.

గదిలో ఎవరూ లేరు.

చల్లగా, చీకటిగా... రెండు యంత్రాలు. రెండింటి మీదా చిన్న ఎర్ర దీపాలు. పెద్దదాని మీది దీపం మాత్రం కన్నుకొట్టినట్టు ఆరుతా వెలుగుతా ఉంది. నిండిన టేపు చుట్ట కదలకుండా నిలబడి ఉంది. దాని ముందర కాగితం మీద, సిరా ఇంకా మెరుస్తా, ఆ ముక్కే.

దేవక్క వంగి చూసింది. ఆమెకు చదువు రాదు. అయితే ఇరవై రెండేండ్లుగా బేళ్ల మీద కొట్టిన ముద్రలు చూసి ఏది ఏ వరసలోకి పోవాలో చెప్పేది. ఒకే ముద్ర ఉన్న రెండు బేళ్లను గోడౌను అవతలి కొస నుంచి పట్టేస్తుంది.

కాగితం మీది ముక్క చివరిభాగం మీద వేలు పెట్టింది. ఆ తర్వాత అదే వేలు గది మూలన టేపులు పెట్టే, తెరిచి ఉన్న బీరువా వైపు చూపించింది.

“అదో... ఆ చుట్ట మీద ఇదే ముద్ర ఉండాది సామీ.”

శ్రీపాదరావు చూసినాడు. బీరువాలో, కవరు విప్పని కొత్త టేపు చుట్ట. ఇంజనీరు మొదటిరోజే అంటించిపోయిన చీటీ దాని మీద — “వాల్యూమ్ 2”.

యంత్రంలో నిండిపోయి నిలబడిన చుట్ట మీద — “వాల్యూమ్ 1”.

కాగితం మీద — “మౌంట్ వాల్యూమ్ 2”.

ఆయనకు చెమట పట్టింది, ఏసీ గదిలో. మౌంట్ అంటే ఎక్కించు. వాల్యూమ్ అంటే శబ్దం. శబ్దం రెండుకు ఎక్కించు. నిఘంటువు అట్లే చెప్పింది, వాల్యూమ్ అంటే టేపు చుట్ట కూడా అవుతుందని చెప్పలేదు! ఆయన అట్లే యంత్రం వెనక ఒకటి దగ్గరున్న నాబును రెండుకు ఎక్కించినాడు. మళ్లీ అదే ముక్క వచ్చినప్పుడల్లా, పాత యంత్రం కదా, దీని రెండు మన రెండు కాదేమో అని ఒక్కో గీతా పెంచుతా వచ్చినాడు. అది గంట బదులు ‘ర్రావ్’మని మోగే బజరు శబ్దం పెంచే నాబు. ఇప్పుడు ఏడు దగ్గర ఉంది.

రిజిస్టర్లన్నీ ఎక్కినాక డిస్కులో సరుకు ఒక చుట్టకు సరిపోలేదు. మొదటి చుట్ట నలభై నిమిషాలకు నిండిపోగానే యంత్రం రెండో చుట్ట అడిగింది. రెండుసార్లు బజరు కొట్టి, మనిషి వస్తాడని కాచుకుంది. ఆ కాచుకునే పది నిమిషాలూ రెండో యంత్రం “ఉండావా?” అంటే ఇది పలకలేదు. చచ్చిందనుకుని రెండోది పని లాక్కుంది. కాపీ చెడింది. ప్రతి రాత్రీ ఇదే కథ. వాళ్లేమో మూడో పిలుపు కోసం వరండాలో కాచుకున్నారు.

ఈ పది నిమిషాల్లో ఎన్ని అయిపోయినాయో!

“తే! తే దేవక్కా, ఆ చుట్ట తే!”

గబగబా ఎక్కించినాడు. టేపు కొస పట్టాలో దూర్చినాడు. జారింది. మళ్లీ దూర్చినాడు. మీట నొక్కినాడు.

ఏమీ కాలేదు.

డిస్కుపెట్టె గరగరమంది...

సర్ర్...

చుట్ట కదిలింది. ఎర్రదీపం నిలకడగా వెలిగింది. సర్ర్... సర్ర్...

దేవక్క అక్కడే, ఆ చల్లటి గచ్చు మీద, గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శ్రీపాదరావు ఆమె వైపు చూడకుండా, యంత్రం వెనక్కు పోయి, ఏదో తీగ చూస్తున్నట్టు నటిస్తా, నాబును నెమ్మదిగా ఒకటికి తిప్పినాడు.

తలుపు సందులోంచి గఫూర్ సాబ్ తల కనపడింది. “పోయిందా, రావ్ సాబ్?”

“పోలేదన్నా. టేపు అడిగింది. ఇచ్చినాం.”

“దుర్గప్పకు టేపెందుకు?”

దానికి శ్రీపాదరావు తనదైన పద్ధతిలో ఒక జవాబు చెప్పబోయి, దేవక్క చూస్తాందని మానుకున్నాడు. ఆయన జీవితంలో అట్లా మానుకోవడం అదే మొదటిసారి.

ఆదివారం ఇంజనీరు వచ్చి, రెండు చుట్టలూ చూసి, బాగున్నాయన్నాడు. పాత డిస్కు విప్పి కొత్తది బిగించినాడు. సోమవారం పొద్దున జాబితా గోడెక్కింది. దేవక్క సర్వీసు ఇరవై రెండేండ్ల నాలుగు నెలలు, పర్మినెంటు. చదివి చెప్పినవాణ్ణి ఆమె మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుని, ఆ తర్వాత పక్క గడిలో ఉన్న అంకె ఏమిటని అడిగింది.

“గైరుహాజరు. మున్నూట పదకొండు దినాలు.”

ఆమె నేరుగా చలిగదికి వచ్చింది. “ఇవి కూడా కాపీ అయినాయా సామీ? ఇవన్నా జారిపోనీయకూడదా?”

“యంత్రానికి ఆ తెలివి లేదు దేవక్కా.”

“నీకుండాదా?” అని ఒక నవ్వు నవ్వి, జాకెట్టులోంచి రెండు ఆకులు తీసి టేబులు మీద పెట్టి పోయింది.

ఇప్పుడు శ్రీపాదరావు రాత్రి ఒకటి నలభైకి మొదటి కూతకే లేచి పోయి చుట్ట మారుస్తాడు. కాపీ తీయడంలో ఆయన్ను మించినవాడు ఆదోనిలోనూ లేడు, ఎమ్మిగనూరులోనూ లేడు. ఆ ఆదివారం, టేపుల్లో ఉన్నదాన్ని ఇంజనీరు మళ్లీ కొత్త డిస్కులోకి దింపేటప్పుడు మాత్రం, ఈయన ఆయనకు టీ తేవడానికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. కాబట్టి బీరువా నిండా కాపీలున్నాయి గానీ, వాటిలోంచి ఒక్క పేరైనా వెనక్కి ఎట్లా తెచ్చుకోవాలో శ్రీపాదరావుకు ఈనాటికీ తెలియదు.